ఆరో బాక్సు



పోయిన నెల పక్క ఊరి సంఘం నుంచి ఒక సహోదరుడు ఫోన్ చేశాడు. "అయ్యగారూ, మాకు ఇంకో రెండు సౌండ్ బాక్సులు కానుకగా వచ్చినయి. పాత యాంప్లికే కలుపుకోవచ్చా?" అని అడిగాడు. "ఇప్పుడే వైరు పెట్టకు, నేను వస్తున్నా" అని బండి తీసుకుని బయలుదేరాను. ఆ ఒక్క ప్రశ్నకు నాకు అంత తొందర ఎందుకో మన సంఘపెద్దలకు తెలుసు. తెలియనివాళ్ల కోసం ఆ సంగతి ఇవాళ రాస్తున్నాను. ఇది నా తప్పు గురించిన సాక్ష్యం. ఇందులో వైర్ల లెక్క కూడా ఉంటుంది, ఓపికగా చదవండి. ఆ లెక్క తెలియకుండా నా తప్పు ఎంతటిదో అర్థం కాదు.

నాలుగేళ్ల కిందటి మాట. మన మందిరం మీకు తెలిసిందే. రేకుల కప్పు, లోపల చాపల మీద కూర్చుంటే వంద మంది పడతారు. పండుగలకూ ఉజ్జీవ సభలకూ బయట పందిరి వేస్తాం. అప్పుడు మనకు ఉన్నది 120 వాట్ల యాంప్లిఫయర్ ఒకటి, కాలమ్ బాక్సులు రెండు. ముందు కూర్చున్నవాళ్లకు చెవులు గింగురుమనేవి, పందిరి చివర కూర్చున్న ఆడవాళ్లకు మాట అందేది కాదు. చెరకు పనికో అల్లం చేనుకో పోయి, పొద్దుగూకినాక ఇంట్లో వంట చేసి వచ్చేవాళ్లకు దొరికేది ఆ చివరి చోటే. "అయ్యగారూ, పాట వినొస్తది గాని వాక్యం వినరాదు" అని ఒక అవ్వ ప్రతి సభకూ అనేది.

ఆ సంవత్సరం దేవుడు దాతలను లేపాడు. ఒక కుటుంబం తల్లి జ్ఞాపకార్థం రెండు బాక్సులు ఇచ్చింది. అది చూసి ఇంకో ఇంటివాళ్లు కొడుక్కు ఉద్యోగం వచ్చిన సంతోషంలో ఒకటి తెచ్చారు. సభలు రేపనగా ఆరోది వచ్చింది. ప్రతి బాక్సు వెనుక ఇచ్చినవారి పేరు పెయింటుతో రాయించాం. ఆరు బాక్సులు వరసగా పెట్టి చూస్తే నాకే గర్వంగా అనిపించింది. మన చిన్న సంఘానికి ఆరు బాక్సులు!

మైకు పని చూసేది మన సంఘంలోని ఒక తమ్ముడు. అప్పటికి పందొమ్మిదేళ్లు. జహీరాబాద్‌లో కరెంటు పని నేర్చుకుంటున్నాడు. నాలుగు బాక్సులకు వైర్లు ఇచ్చి ఆగిపోయాడు. "అయ్యగారూ, నాలుగే ఎక్కువైతున్నయి. ఆరు పెడితే యాంప్లి ఆగదు" అన్నాడు. నేను ఏమన్నానో నాకు బాగా గుర్తుంది. "ఇచ్చినోళ్లు ముందు వరుసల కూసుంటరు. వాళ్ల బాక్సు మోగకపోతే ఏమనుకుంటరు? పెట్టు బిడ్డా, దేవుడు చూసుకుంటడు."

వాడు ఇంకోమాట మాట్లాడలేదు. పెట్టాడు.

మొదటి రెండు రాత్రులు ఏమీ కాలేదు. సౌండ్ తక్కువ పెట్టుకున్నాం కాబట్టి కాలేదు, కానీ నాకు ఆ సంగతి తెలియదు. "చూసినవా, ఏమైంది?" అని వాడిని ఎగతాళి కూడా చేశాను. మూడో రాత్రి జనం ఎక్కువ వచ్చారు. నేనే లేచి వెళ్లి వాల్యూమ్ పెంచాను. వాక్యం సగంలో ఉండగా గొంతు బొంగురుపోయినట్టు వచ్చింది, తరువాత కాలిన వాసన, తరువాత మొత్తం నిశ్శబ్దం. యాంప్లిఫయర్ వెనుక నుంచి సన్నగా పొగ.

ఆ నిశ్శబ్దంలో నేను వాడి మీద అరిచాను. "నీకు చేతగాకపోతే ఎందుకు ముట్టుకున్నవ్?" అన్నాను. ఇంకా ఏవేవో అన్నాను. రాయడానికి సిగ్గుగా ఉంది. ప్రియులారా, అన్నేళ్లుగా మైకు ఉన్నా పందిరి చివరి దాకా చేరని నా మాట ఆ రాత్రి మైకు లేకుండానే చేరింది. అందరూ విన్నారు. ఆ అవ్వ కూడా విన్నది. వాడు టేపు చుట్ట, స్క్రూడ్రైవర్ బల్ల మీద పెట్టి చీకట్లోకి వెళ్లిపోయాడు. తరువాతి ఆదివారం రాలేదు. ఆ పై ఆదివారమూ రాలేదు.

కాలిపోయిన యాంప్లిఫయర్‌ను జహీరాబాద్ తీసుకుపోయాను. అక్కడ రేడియోలు, మైక్ సెట్లు బాగుచేసే ఒక పెద్దాయన ఉన్నాడు. మసీదు మైకులూ జాతర మైకులూ అన్నీ ఆయన చేతి మీదుగానే పోతాయి. మూత తీసి చూసి, తల ఊపి, "పాస్టర్ సాబ్, ఎన్ని బాక్సులు పెట్టిన్రు?" అన్నాడు.

"ఆరు" అన్నాను. ఇంకా ఆ గర్వం పోలేదు.

"ఒక్కోటి ఎన్ని ఓమ్స్?"

"ఏమో భాయ్, పెద్ద బాక్సులే."

ఆయన నవ్వలేదు. యాంప్లిఫయర్ వెనుక ఉన్న పట్టీ చూపించాడు. కామన్, 4, 8, 16 అని స్క్రూల పక్కన రాసి ఉంది. చివర 100 వోల్ట్ అని ఇంకోటి. "ఇన్నేళ్ల నుంచి మీరు వైరు తగిలించింది ఈ నాలుగుకు. నాలుగు కంటే తక్కువ నాకు తగిలించకండి అని మిషన్ చెప్తున్నది. మీరు ఎంత తగిలించిన్రో చూడండి" అని ఒక అట్టముక్క తీసుకుని లెక్క రాశాడు. మన బాక్సులు ఒక్కోటి 8 ఓమ్స్. ప్లస్‌కు ప్లస్, మైనస్‌కు మైనస్ కలుపుకుంటూ పోతే, అంటే ప్యారలల్‌గా, ఒకే రకం బాక్సులైతే 8ని బాక్సుల సంఖ్యతో భాగించాలి. రెండు బాక్సులకు 4 ఓమ్స్, అది సరిపోయింది. నాలుగుకు 2 ఓమ్స్, అక్కడే గీత దాటాం. ఆరుకు సుమారు 1.33. మిషన్ అడిగిన దాంట్లో మూడో వంతు.

"తక్కువైతే మంచిదే కదా, బరువు తగ్గినట్టే కదా?" అన్నాను.

"ఉల్టా సాబ్. ఓమ్ అంటే అడ్డు. చెరువుకు ఒక తూము తీస్తే నీళ్లు మెల్లగ పోతయి. పక్కన ఆరు తూములు తీస్తే? అడ్డు తగ్గింది, కట్ట మీద జోరు పెరిగింది. అదే వాల్యూమ్‌కు మూడింతల కరెంటు గుంజినయి మీ బాక్సులు. మిషన్ వద్దని చెప్పలేదు కదా. అడిగినంత ఇస్తనే ఉంటది, కాలిపోయేదాకా."

ఆ మాట నా లోపల ఎక్కడో తగిలింది. ఇంతలో ఆయనే అడిగాడు. "నాలుగు పెట్టినాక ఎవరూ చెప్పలేదా మీకు?"

చెప్పారు. పందొమ్మిదేళ్ల పిల్లవాడు చెప్పాడు. లెక్క అట్ట మీద రాయడం వాడికి రాకపోవచ్చు, కానీ చేతికి తెలిసింది చెప్పాడు. నేను దేవుని పేరు చెప్పి వాడి నోరు మూయించాను. "దేవుడు చూసుకుంటడు" అని నేనన్నది విశ్వాసం కాదు ప్రియులారా. దాతలకు నో చెప్పలేని నా పిరికితనానికి కప్పిన దుప్పటి అది. గోపురం కట్టాలనుకునేవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్కచూసుకోవాలని లూకా సువార్త 14వ అధ్యాయంలో ప్రభువు చెప్పిన ఉపమానం మీద నేను ఎన్నిసార్లు ప్రసంగించానో! లెక్క చూసుకోవడం అవిశ్వాసం అని ఆయన ఎక్కడా అనలేదు.

ఆ సాయంత్రం ఇంటికి రాకుండా నేరుగా ఆ తమ్ముడి ఇంటికి పోయాను. వాళ్లమ్మ చాయ్ పెట్టింది. వాడు గడప దగ్గరే నిలబడ్డాడు. తప్పు నాదని చెప్పాను, మెకానిక్ ఇచ్చిన అట్టముక్క చూపించాను. వాడు ఆ లెక్కను చాలాసేపు చూసి, "పోనీలే అయ్యగారూ" అన్నాడు. వాళ్లమ్మ మాత్రం ఒక మాట అంది. "అందరి ముంగట తిట్టిన్రు, ఇంట్లకొచ్చి చెప్పిన్రు." అంతే. ఆమె గొంతు పెంచలేదు.

ఆమె చెప్పింది న్యాయం. ఆదివారం ఆరాధనలో, వాక్యం చెప్పకముందే, సంఘమంతటి ముందు ఆ రాత్రి ఏం జరిగిందో చెప్పాను. ఎవరు వద్దన్నారో, ఎవరు పెట్టించారో, వాల్యూమ్ పెంచిన చెయ్యి ఎవరిదో చెప్పాను. మైకు లేదు కాబట్టి పెద్దగానే చెప్పాల్సివచ్చింది. వాడు ఆ రోజు వచ్చి చివరి వరుసలో కూర్చున్నాడు. మైకు బల్ల దగ్గరికి రావడానికి మాత్రం ఇంకో రెండు నెలలు పట్టింది. నేను పిలవలేదు. పిలిచే హక్కు పోగొట్టుకున్నానని తెలుసు.

వాడు వచ్చాక చేసిన పని ఇప్పుడు చెబుతాను. ఇది మన పక్క సంఘాలకూ పనికివస్తుంది.

బాగుచేయించి తెచ్చిన యాంప్లిఫయర్‌కు మొదట ఖర్చు లేని దారి పట్టాం. రెండేసి బాక్సులను సిరీస్‌లో జతకట్టాడు. మొదటి బాక్సు మైనస్ నుంచి రెండోదాని ప్లస్‌కు వైరు. సిరీస్‌లో ఓమ్స్ కూడుతాయి, 8కి 8 కలిసి 16. అలాంటి జతలు మూడు. ఆ మూడు జతలను ప్యారలల్‌గా కలిపితే 16ను 3తో భాగించాలి, 5.33 ఓమ్స్. నాలుగు కంటే ఎక్కువ కాబట్టి 4 ఓమ్స్ స్క్రూకు నిశ్చింతగా తగిలించవచ్చు. ఆరు బాక్సులూ మోగాయి, మిషన్ వేడెక్కలేదు. అవే ఆరు బాక్సులు, అదే మిషన్. మారింది కలిపిన తీరు ఒక్కటే. ఒక ఇబ్బంది ఉంది. జతలో ఒకటి పాడైతే రెండోదీ మూగబోతుంది. ఇద్దరిని ఒక కాడికి కట్టినట్టే.

రెండో ఇబ్బంది దూరం. పందిరి చివరికి 50 మీటర్ల వైరు కావాలి. పోను రాను 100 మీటర్ల రాగి. 1 చదరపు మిల్లీమీటర్ వైరైతే దాని అడ్డే సుమారు 1.7 ఓమ్స్. 4 ఓమ్స్ లోడ్‌కు ఆ వైరు వేస్తే దాదాపు 30 శాతం శక్తి వైరును వేడిచేయడానికే పోతుంది. అందుకే డబ్బు కూడాక 100 వోల్ట్ లైనుకు మారాం. ప్రతి బాక్సులో లైన్ మ్యాచింగ్ ట్రాన్స్‌ఫార్మర్ అని చిన్నది పెట్టించాం. ఇక ఓమ్స్ భాగహారం అక్కరలేదు, వాట్లు కూడితే చాలు. ఒక్కో బాక్సుకు 10 వాట్ల చొప్పున ఆరుకు 60 వాట్లు. మిషన్ శక్తి 120. సగమే వాడుతున్నాం. రేపు ఏడో బాక్సు వస్తే సంతోషంగా పెట్టవచ్చు, పన్నెండోది వస్తే మాత్రం ఆలోచించాలి. ఎంత మోయగలవో అంతా మోయించకూడదు, నాలుగో వంతైనా మిగిల్చాలన్నది ఆ మెకానిక్ భాయ్ నియమం.

ఆ తమ్ముడు గోడ మీద చాక్‌పీసుతో రాసిన నియమాలు ఇవి. ఇప్పటికీ ఉన్నాయి.

1. యాంప్లిఫయర్ ఆపి, ప్లగ్గు తీసినాకే బాక్సు వైరు ముట్టాలి. 100 వోల్ట్ లైను పాట మోగుతున్నప్పుడు షాక్ కొడుతుంది. బాక్సు వైరే కదా అనుకోవద్దు.

2. బాక్సు వెనుక ఓమ్స్, వాట్లు చదివి, లెక్క వేసి, తరువాతే తగిలించాలి. 8 ఓమ్స్ బాక్సునూ 16 ఓమ్స్ హారన్‌నూ ఒకే లైనులో ప్యారలల్‌గా కలిపితే 8 ఓమ్స్‌ది రెండింతల శక్తి తీసుకుంటుంది. ఒకటి అరుస్తుంది, ఒకటి గొణుగుతుంది.

3. 100 వోల్ట్ లైను మీద ట్రాన్స్‌ఫార్మర్ లేని బాక్సు పొరపాటున కూడా పెట్టవద్దు. 4 ఓమ్స్ స్క్రూకూ 100 వోల్ట్ స్క్రూకూ ఒకేసారి వైర్లు ఇవ్వవద్దు.

4. ప్లస్, మైనస్ తారుమారు కాకూడదు. పక్కపక్క బాక్సుల్లో ఒకటి తిరగబడితే ఒకటి గాలిని నెట్టేటప్పుడు ఇంకోటి గుంజుతుంది, రెండూ మోగుతున్నా గొంతు పలచబడుతుంది.

5. వైరు కొసలో ఒక్క పోగు కూడా బయట వేలాడకూడదు. ప్లస్ పోగు మైనస్‌ను తాకితే అది షార్టే. అతుకు ఉన్నచోట టేపు చుట్టాలి.

6. కాలిన ఫ్యూజు స్థానంలో రాగిపోగు పెట్టవద్దు. ఫ్యూజు మన శత్రువు కాదు, ముందు తాను కాలి మిషన్‌ను కాపాడేది.

7. మూడు పిన్నుల ప్లగ్గు, ఎర్తింగు ఉన్న సాకెట్టు. బాక్సు వైర్లు కరెంటు స్తంభానికి కట్టవద్దు. వాన పడితే ముందు ప్లగ్గు, తరువాత ప్రార్థన.

ఆఖరి మాట వాడు నవ్వులాటకు రాశాడు. నేను చెరపలేదు.

ఇప్పుడు బాక్సులు ముందు వరుసలో లేవు. రెండు లోపల, రెండు పందిరి మధ్య గుంజలకు, రెండు చివర ఆడవాళ్లు కూర్చునేచోట. పేర్లు కనబడటం లేదని ఒక దాత కొంచెం నొచ్చుకున్నాడు. ఆ చివరి చోట ఒక్కసారి కూర్చుని వినమన్నాను. కూర్చున్నాడు. తరువాత ఆ మాట ఎత్తలేదు. బాక్సులు జనానికి దగ్గరగా ఉన్నాయి కాబట్టి సౌండ్ మునుపటిలో సగం పెడితే చాలు. గట్టిగా మోగడం వేరు, అందరికీ అందడం వేరు.

ఈ సంగతి మన మండలంలో మనకంటే ముందే తెలిసినవాళ్లు ఉన్నారు. మాచునూరులో సంగం రేడియో 2008 అక్టోబరు 15న మొదలైంది. పొలం పనులు చేసుకునే దళిత మహిళలే ఆ స్టూడియో నడుపుతూ వచ్చారు. అది చిన్న స్టేషనే. పెద్ద స్టేషన్లతో పోటీపడి అరవలేదు. తన చుట్టూ ఉన్న ఊళ్లకు, తన మాటలో, అందేటట్టు చెప్పింది. రేడియోలో కూడా ట్రాన్స్‌మిటరూ ఏరియలూ ఒకదానికొకటి సరిపడాలి. సరిపడకపోతే శక్తి వెనక్కి తిరిగి మిషన్‌నే వేడిచేస్తుంది.

మనది ఒక్క మందిరమే ఉన్న ఊరు కాదు. ఝరాసంగంలో కేతకి సంగమేశ్వరుని గుడి ఉంది, చుట్టూ మసీదులున్నాయి, పరీక్షలకు చదువుకునే పిల్లలున్నారు, రోగంతో పడుకున్న పెద్దలున్నారు. 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు బయట లౌడ్‌స్పీకర్ వాడకూడదు, మిగతా సమయంలో కూడా అనుమతి ఉండాలి. ఇళ్లున్న చోట పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 అని హద్దు పెట్టారు. మన మీద కక్షతో పెట్టింది కాదు ఇది, అందరికీ ఒకటే. పొరుగువాడి నిద్ర చెడగొట్టి వాడికి ప్రేమను ప్రకటించలేం కదా.

చివరిగా ఒక మాట. నిర్గమకాండము 18వ అధ్యాయంలో మోషే పొద్దుట నుంచి సాయంత్రం దాకా ఒక్కడే జనానికి న్యాయం తీరుస్తూ ఉంటాడు. అతని మామ యిత్రో వచ్చి చూసి, నువ్వూ ఈ జనమూ నలిగిపోతారని చెబుతాడు. జనాన్ని వెళ్లగొట్టమని అనలేదు. భారాన్ని పంచమన్నాడు. వెయ్యి మందికి ఒకరు, వందకు ఒకరు, యాభైకి ఒకరు, పదికి ఒకరు. మోషే ఆ మాట విన్నాడు. అంత గొప్ప నాయకుడు, బయటినుంచి వచ్చిన మామ మాట విన్నాడు. నాకు యిత్రో మన మైకు బల్ల దగ్గరే నిలబడి ఉన్నాడు. వయసు పందొమ్మిదేళ్లు కాబట్టి నేను గుర్తుపట్టలేదు.

మన ఇళ్లలో కూడా అడిగినంత ఇస్తూ, వద్దని చెప్పలేక, లోపల వేడెక్కిపోతున్నవాళ్లు ఉన్నారు. పొలం పనీ వంటపనీ ఒక్కతే మోసే కోడలు. అన్నదమ్ముల అప్పులన్నీ నెత్తిన పెట్టుకున్న పెద్దకొడుకు. పట్నంలో రెండు డ్యూటీలు చేసి డబ్బు పంపే పిల్లలు, మీరు. వాళ్లు బాగానే మోగుతున్నారు కదా అని ఇంకో బాక్సు తగిలించకండి. మొదటి రెండు రాత్రులు ఏమీ కాదు. మూడో రాత్రి మనమే వాల్యూమ్ పెంచుతాం. అందుకే ఈ వారం ఇంట్లో ఎవరి మీద ఎంత భారం ఉందో ఒకసారి కూర్చుని లెక్కచూడండి. "ఎక్కువైతున్నది" అని ఎవరైనా మెల్లగా అంటే, అది వాళ్ల విశ్వాసం తక్కువై అన్నమాట అనుకోవద్దు.

పక్క ఊరి సంఘంలో ఏమైందంటారా? వాళ్ల బాక్సులు 8 ఓమ్స్‌వే, మొత్తం నాలుగు. రెండేసి జతకట్టి కలిపితే మళ్లీ 8 ఓమ్సే వచ్చింది. 8 అని రాసి ఉన్న స్క్రూకు తగిలించి వచ్చాం. వైర్లు బిగించింది మన తమ్ముడే. నేను టార్చి పట్టుకున్నాను.

ప్రార్థన చేసుకుందాం. ప్రభువా, మా భారాలు మోసే నీవే ఇతరుల భారం చూసే కన్ను మాకు ఇయ్యి. నీ పేరు చెప్పి మా తొందరను దాచుకోకుండా మమ్మల్ని కాపాడు. చిన్నవాని నోట వచ్చే మంచి మాటను వినే చెవి మాకు దయచెయ్యి. చివరి వరుసలో కూర్చున్న మా తల్లులకు నీ మాట అందనియ్యి. ఆమేన్.